ఎండ వల్ల వచ్చిన మచ్చలకి మళ్లీ ఎండలోనే వైద్యమా? డేలైట్ పీడీటీ తెలిసినవాళ్లు చెప్పండి

బండబర్గ్_అల్లుడు
మా మామగారి వయసు 71. మా ఆవిడ ఇక్కడి పిల్లే. వాళ్ల ముత్తాతలు ఐర్లండ్ నుంచి ఆస్ట్రేలియా వచ్చి క్వీన్స్‌లాండ్‌లో చెరకు వేశారు. ఈయన కూడా యాభై ఏళ్లుగా బండబర్గ్ దగ్గర చెరకు తోటలోనే. జుట్టు పోయి ఇరవై ఏళ్లయింది, టోపీ పెట్టడం మాత్రం మొన్నమొన్నే మొదలుపెట్టారు.

నుదురు, బట్టతల, చెవుల అంచులు, అంతా గరుకు మచ్చలు. దూరం నుంచి పెద్దగా కనపడవు. చెయ్యి వేసి రాస్తే ఉప్పుకాగితం తగిలినట్టు ఉంటుంది. ఇక్కడివాళ్లు సన్‌స్పాట్స్ అంటారు, డాక్టర్ కాగితంలో ఆక్టినిక్ కెరటోసిస్ అని ఉంది. ఇన్నాళ్లూ ఆరు నెలలకోసారి ద్రవ నైట్రోజన్ కొట్టి పంపించేవారు. ఈసారి లెక్కపెడితే ఇరవై పైనే తేలాయి. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ డేలైట్ పీడీటీ (ఫోటోడైనమిక్ థెరపీ, అంటే క్రీమ్ రాసి వెలుతురుతో చేసే వైద్యం) గురించి ఏమందంటే, క్రీమ్ రాస్తాం, రెండు గంటలు ఆరుబయట కూర్చోండి, తర్వాత కడిగేసుకోండి, అయిపోయింది.

నాకు మింగుడుపడనిది ఇదే. ఎండలో ఉండబట్టే కదా ఇవి వచ్చాయి! మళ్లీ అదే ఎండలో కూర్చోబెడితే ఎలా తగ్గుతాయి? మామగారైతే "యాభై ఏళ్లు కూర్చున్నా, తగ్గలేదుగా" అని నవ్వేశారు. ఇది డబ్బు వదిలించే వ్యవహారమా, నిజంగా పనిచేస్తుందా?

కాకినాడ_కాజా
ముల్లుని ముల్లుతోనే తీయాలన్నారు కదన్నా.

గరిటె_బావ
రెండు గంటలు ఊరికే కూర్చోబెట్టడం దేనికి? పక్కన వడియాలు పెట్టి కాపలా పెట్టండి. కాకులూ రావు, మచ్చలూ పోతాయి.

సిడ్నీ_సీతాఫలం
నవ్వులాట కాదు, జాగ్రత్త. మా ఆఫీసులో ఒకాయన ఇదే చేయించుకున్నాడు. రెండు గంటలయ్యాక మొహం కడుక్కోకుండా తిన్నగా బౌల్స్ క్లబ్బుకి వెళ్లి సాయంత్రం దాకా ఆడాడు. మర్నాడు కళ్లు తెరవలేకపోయాడు, మొహం పూరీలా పొంగింది. క్లినిక్‌వాళ్లు చెప్పలేదంటాడు, వాళ్లేమో కాగితం ఇచ్చామంటారు.

పెర్త్_పంతులు
ఇంత హంగామా దేనికి? ఎఫ్యుడిక్స్ అని క్రీమ్ ఉంది, లోపలున్నది ఫ్లోరోయురాసిల్. ఇంట్లో రోజుకి రెండుసార్లు రాసుకోవడమే, ఖర్చు కూడా తక్కువ. పైగా అదే బాగా పనిచేస్తుందని తేలిపోయింది కూడా.

బ్రిస్బేన్_సిస్టర్
నేను ఇక్కడ స్కిన్ క్లినిక్‌లో నర్సుని, ఈ పని వారంలో చాలాసార్లు చేస్తుంటాను. డాక్టర్ని కాదు, ఆ ముక్క ముందే చెప్తున్నా.

అల్లుడుగారూ, ఎండ అంటే ఒకటే సరుకు అనుకుంటే మీకొచ్చిన అనుమానమే ఎవరికైనా వస్తుంది. అందులో కంటికి కనపడని అల్ట్రావయొలెట్ ఉంది, కంటికి కనపడే వెలుతురూ ఉంది. యాభై ఏళ్లు మీ మామగారి చర్మకణాల్లో డీఎన్‌ఏని చెడగొట్టింది మొదటిది. ఈ వైద్యంలో మేం వాడుకునేది రెండోదాన్ని. అందుకే ముందు సన్‌స్క్రీన్ రాస్తాం. అది అల్ట్రావయొలెట్‌ని ఆపుతుంది, వెలుతురుని వదిలేస్తుంది.

క్రీమ్ దానంతటది మందు కాదు. రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ మన ఒంట్లో మెట్టు మెట్టుగా తయారవుతుంది. ఈ క్రీమ్ ఆ మెట్లలో కింది మెట్టుకి సంబంధించిన సరుకు. చెడిన కణాలు దీన్ని ఆబగా లాక్కుని, ప్రోటోపార్ఫిరిన్ అనే పై మెట్టు దాకా తీసుకెళ్లి, అక్కడ పోగేసుకుంటాయి. దాని మీద వెలుతురు పడితే చుట్టూ ఉన్న ఆక్సిజన్ రెచ్చిపోయి ఆ కణాన్నే చంపుతుంది. మంచి చర్మం అంత పోగేసుకోదు, అందుకని అంత దెబ్బా తినదు. గది చీకటి చేసి వుడ్స్ ల్యాంప్ అనే అల్ట్రావయొలెట్ దీపం వేస్తే ఆ మచ్చలు పగడం రంగులో వెలుగుతాయి. నేను మొదటిసారి చూసింది ఒక పెద్దాయన తల మీద. పైకి ఆరు మచ్చలున్న చోట, దీపం కింద పదిహేను కనపడ్డాయి.

బండబర్గ్_అల్లుడు
సిస్టర్‌గారూ, ఇంత వివరంగా అక్కడ ఎవరూ చెప్పలేదు. అయితే ఒక డౌటు. సన్‌స్క్రీన్ ఏదైనా పరవాలేదా? ఆయన దగ్గర తెల్లటి జింక్ ట్యూబు ఉంది, ట్రాక్టర్ మీదే పడి ఉంటుంది.

బ్రిస్బేన్_సిస్టర్
అయ్యో, అది మాత్రం వద్దు! జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నవి వెలుతురుని కూడా అడ్డుకుంటాయి. రంగు కలిపినవీ అంతే, వాటిలో ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది. ఇవేవీ లేని కెమికల్ సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆ పైది కావాలి. చాలా క్లినిక్‌ల్లో వాళ్లే రాస్తారు. చేతులకీ మెడకీ కూడా రాయించండి, మొహం మీదే ధ్యాస పెట్టి అవి మర్చిపోతారు.

కాకినాడ_కాజా
అంటే షేన్ వార్న్ లాగా ముక్కు మీద తెల్ల రంగు పూసుకుని వస్తే ఈ వైద్యం పనిచేయదన్నమాట.

మెల్‌బోర్న్_మీనాక్షి
రంగు లేని సన్‌స్క్రీన్ రాస్తే అసలు వెలుతురు కూడా ఆగిపోదా? నాకు ఇంకా నమ్మకం కుదరట్లేదు.

బ్రిస్బేన్_సిస్టర్
మీనాక్షిగారూ, రాసుకుని అద్దంలో చూసుకోండి. మీ చర్మం మీకు కనపడుతోందంటే వెలుతురు అక్కడిదాకా వెళ్లి తిరిగొస్తున్నట్టేగా. జింక్ రాస్తే తెల్లగా కప్పేస్తుంది.

కోపెన్‌హాగన్_కోడలు
ఈ పద్ధతి పుట్టిందే మా ఊళ్లో! బిస్పెబ్యేర్గ్ ఆసుపత్రిలో స్టీనా వీగెల్, హాన్స్ క్రిస్టియన్ వుల్ఫ్ అనే డాక్టర్లు మొదలుపెట్టారు, 2008లో వాళ్ల మొదటి ఫలితాలు వచ్చాయి. ఎండ కోసం మొహం వాచిపోయే ఊళ్లో ఎండ వైద్యం పుట్టడమే విచిత్రం. మబ్బు పట్టినా చేస్తారు ఇక్కడ. వాన పడకూడదు, చలి 10 డిగ్రీల కంటే దిగకూడదు, అంతే. అందుకని చలికాలం నాలుగైదు నెలలు ఈ పద్ధతి బంద్.

ఇంకోటి. వెలుతురుతో వైద్యం చేసి 1903లో నోబెల్ తెచ్చుకున్న నీల్స్ ఫిన్సెన్ కూడా కోపెన్‌హాగన్‌లోనే పనిచేశాడు. చర్మానికి వచ్చే క్షయకి ఆయన వైద్యం. ఆయన పుట్టింది ఫారో దీవుల్లో, అక్కడ వెలుతురు ఇంకా కరువు.

వైద్యం_మనదే
డెన్మార్క్ దాకా ఎందుకండీ. మన పెద్దలు వేల ఏళ్ల క్రితమే బావంచాల నూనె రాసి ఎండలో కూర్చోబెట్టి బొల్లికి వైద్యం చేశారు. ఇది అదే. పేరు మార్చి, ట్యూబులో పెట్టి, మనకే అమ్ముతున్నారు.

పాలమూరు_పద్మ
@వైద్యం_మనదే మా చిన్నత్తకి ఆ వైద్యమే చేశారు. ఎవరో చెప్పారని బావంచాల నూనె మోచేతికి రాసి మిట్టమధ్యాహ్నం డాబా మీద కూర్చోబెట్టారు. సాయంత్రానికి నిమ్మకాయంత బొబ్బలు. పది రోజులు చెయ్యి ఎత్తలేకపోయింది. మచ్చ ఎక్కడుందో అక్కడే ఉంది.

వైద్యం_మనదే
చేయడం తెలియనివాళ్లు చేస్తే అలాగే అవుతుంది. మందుది తప్పు కాదు.

బ్రిస్బేన్_సిస్టర్
బావంచాల్లో సొరాలెన్ ఉంటుంది, నిజమే. ఎండతో కలిస్తే పనిచేస్తుందని మనవాళ్లు కనిపెట్టడం గొప్ప సంగతే, కాదనను. పువా అని ఆసుపత్రుల్లో చేసేది దాని మనవడే. కానీ ఇది అది కాదండీ. సొరాలెన్‌కి కావలసింది అల్ట్రావయొలెట్, అది వెళ్లి డీఎన్‌ఏకి అతుక్కుంటుంది. ఏళ్ల తరబడి పువా తీసుకున్న తెల్లవాళ్లలో చర్మ కాన్సర్ ఎక్కువగా వచ్చింది కూడా. ఇక్కడ మేం అల్ట్రావయొలెట్‌ని రానివ్వకుండా తలుపేసి, వెలుతురుతో పని కానిస్తున్నాం. దారులే వేరు.

గరిటె_బావ
వైద్యం గారు ఇప్పుడు ఫిన్సెన్‌ది కూడా మన గోత్రమే అంటారు చూడండి.

కోపెన్‌హాగన్_కోడలు
😀 గోత్రం సంగతేమో గానీ, 1900 ప్రాంతంలో మ్యూనిక్‌లో రాబ్ అనే వైద్య విద్యార్థికి ఇది అనుకోకుండా దొరికింది. ఒక రంగు మందులో సూక్ష్మజీవుల్ని వేసి ఎంతసేపట్లో చస్తాయో చూస్తుంటే, వెలుతురు ఎక్కువున్న రోజు తొందరగా చచ్చాయి, లేని రోజు బతికాయి. వాళ్ల ప్రొఫెసర్ టాపైనర్ దీనికి ఫోటోడైనమిక్ అని పేరు పెట్టాడు. పీడీటీలో మొదటి రెండు అక్షరాలు అక్కణ్ణించి వచ్చినవే. తర్వాత మేయర్ బెట్జ్ అనే జర్మన్ డాక్టరు ఇలాంటి పదార్థాన్నే తనకి తానే ఇంజెక్షన్ చేసుకుని ఎండలోకి వెళ్లాడు. మొహం వాచిపోయిన ఫోటో ఇప్పటికీ పుస్తకాల్లో ఉంది. సీతాఫలం గారి ఆఫీసు పెద్దమనిషికి పెద్దన్న.

పెర్త్_పంతులు
కథలు బాగున్నాయి, లెక్కల్లోకి వద్దాం. 2019లో నెదర్లాండ్స్‌వాళ్లు ఆరు వందల పైచిలుకు మందిని నాలుగు గుంపులు చేసి పోల్చారు. ఏడాది తర్వాత చూస్తే మచ్చలు ముప్పాతిక వంతో ఆ పైనో పోయినవాళ్లు ఫ్లోరోయురాసిల్ గుంపులో నూటికి 75 మంది దాకా ఉన్నారు, పీడీటీ గుంపులో 38. సగం! ఇక మాట్లాడ్డానికి ఏముంది?

బ్రిస్బేన్_సిస్టర్
పంతులుగారు చెప్పిన లెక్క కరెక్టే, మా డాక్టర్లు కూడా ఎత్తుతుంటారు. కాకపోతే అది క్లినిక్ లోపల దీపం వేసి చేసిన పీడీటీ, ఎండలో చేసింది కాదు. ఎండ పద్ధతినీ దీపం పద్ధతినీ పోల్చింది మన ఆస్ట్రేలియాలోనే, వంద మంది మీద, 2014లో వచ్చింది. ఒకే మనిషికి ఒక పక్క ఎండ, ఇంకో పక్క దీపం. మూడు నెలలకి ఎండ పక్క 89 శాతం మచ్చలు పోయాయి, దీపం పక్క 93. పెద్ద తేడా కాదు. తేడా అంతా నొప్పిలో ఉంది. పదికి దీపం పక్క 5.7, ఎండ పక్క 0.8.

యూరప్‌లో ఇదే పద్ధతిలో చేస్తే మచ్చలు పోవడం ఎండ పక్క 70, దీపం పక్క 74 శాతం దగ్గర ఆగింది. అక్కడ కాస్త దళసరి మచ్చల్ని కూడా కలిపారు. కాబట్టి పల్చటి మచ్చలున్నవాళ్లకే దీని మీద ఆశ పెట్టుకోవాలి. దళసరిగా పెరిగినవాటికి, ముట్టుకుంటే నొప్పి పుట్టేవాటికి ఇది వద్దు, వాటిని ముక్క తీసి పరీక్షకి పంపాలి.

పెర్త్_పంతులు
సరే, ఎండా దీపమూ సమానమే అనుకుందాం. దీపం ఎఫ్యుడిక్స్ చేతిలో ఓడిపోయింది కాబట్టి ఎండ కూడా ఓడినట్టే కదా. నా మాట ఎక్కడ తప్పు?

బ్రిస్బేన్_సిస్టర్
తప్పని అనలేదండీ. ఏడాది తర్వాత ఎన్ని మచ్చలు మిగిలాయన్నదే లెక్క అయితే ఎఫ్యుడిక్సే ముందుంటుంది. కానీ ఆ ట్యూబు నాలుగు వారాలు, రోజుకి రెండుసార్లు, మొహం టమాటాలా అయినా మానకుండా రాయాలి. సగం మంది రెండో వారంలోనే ఆపేసి మా దగ్గరికి వస్తారు. డ్రాయర్లో పడున్న ట్యూబు ఏ మచ్చనీ తగ్గించదు.

బండబర్గ్_అల్లుడు
పంతులుగారూ, ఎఫ్యుడిక్స్ మూడేళ్ల క్రితం ఇచ్చారు. పన్నెండో రోజుకి మొహం చూసి మనవరాలు ఏడ్చింది. ట్యూబు చెత్తబుట్టలోకి వెళ్లింది. ఇప్పుడు చెరకు క్రషింగ్ సీజన్, నెల రోజులు ఆ మొహంతో మిల్లు దగ్గరికి వెళ్లనని భీష్మించుకున్నారు. ఒక్క పూటలో అయిపోతుందంటేనే ఆయన ఈ మాట వింటున్నది.

పెర్త్_పంతులు
మనవరాలు ఏడిస్తే ఇక నేనేం చెప్పను.

మెల్‌బోర్న్_మీనాక్షి
దీపంతో చేస్తే అంత నొప్పి ఎందుకు, ఎండలో ఎందుకు లేదు? ఎండే కదా ఎక్కువ పవరు?

బ్రిస్బేన్_సిస్టర్
దీపం పద్ధతిలో క్రీమ్ రాసి కట్టు కట్టి మూడు గంటలు ఉంచుతాం. లోపల ప్రోటోపార్ఫిరిన్ బిందె నిండా చేరుతుంది. అప్పుడు ఎర్ర దీపం వేస్తే ఆ బిందె ఒక్కసారిగా కుమ్మరించినట్టు. ఎండలో అయితే కుళాయి సన్నగా తిప్పినట్టు. తయారైన బొట్టు తయారైనట్టే ఖర్చయిపోతుంది, నిలవ ఉండదు. దీపం కింద పెద్ద పెద్ద మగాళ్లు కుర్చీ పట్టుకుని బూతులు తిట్టడం నేను చూశాను. ఒకాయన "మిరపకాయ నూరి పూసి ఇస్త్రీ చేస్తున్నావా" అనే అర్థం వచ్చేట్టు ఏదో అన్నాడు, అది ఇక్కడ రాయలేను.

క్రీమ్ రాసిన అరగంటలోపు బయటికి వెళ్లాలని మేం తరిమేది కూడా ఇందుకే. లోపలే కూర్చుంటే బిందె నిండిపోతుంది.

విజయవాడ_వేడి
నాకూ చేయించుకోవాలని ఉంది. బైకు మీద తిరిగి తిరిగి చేతులు, మొహం నల్లబడ్డాయి. బుగ్గల మీద మంగు కూడా ఉంది. హైదరాబాద్‌లో ఎక్కడ చేస్తారు?

బ్రిస్బేన్_సిస్టర్
మీకు ఇది అక్కర్లేదు. ట్యాన్‌కీ మంగుకీ ఇది వైద్యమే కాదు. మన రంగు చర్మం మీద చేస్తే ఇంకాస్త నల్ల మచ్చలు మిగిలే ప్రమాదం కూడా ఉంది. హెల్మెట్, పొడుగు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్. మంగుకి చర్మ డాక్టర్.

విజయవాడ_వేడి
విజయవాడ మే నెలలో పొడుగు చేతుల చొక్కా! మీరు ఇక్కడి నుంచి వెళ్లి చాలా ఏళ్లయినట్టుంది సిస్టర్.

అమీర్‌పేట_ఆనంద్
అసలు మనవాళ్లకి ఈ రోగమే రాదు. మా తాత తొంభై ఏళ్లు గోచీతో ఎండలో దున్నాడు, ఒక్క మచ్చ లేదు. ఇదంతా తెల్లవాళ్ల గోల, మనకెందుకు ఈ చర్చ?

గుంటూరు_తెల్లోడు
@అమీర్‌పేట_ఆనంద్ నేను మీవాణ్ణే. గుంటూరులో పుట్టా, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నా. పుట్టుకతోనే ఒంట్లో రంగు లేదు, ఆల్బినిజం. బళ్లో దొరా దొరా అని పిలిచేవాళ్లు. అందరితో సమానంగా ఆడాలని మధ్యాహ్నం రెండింటికి గ్రౌండులో ఫీల్డింగ్ చేసేవాణ్ణి. ఎండ పడకూడదని మా ఇంట్లో ఎవరికీ తెలీదు, చెప్పిన డాక్టరూ లేడు. కాలి బొబ్బలెక్కితే అమ్మ వెన్న రాసేది.

నాకిప్పుడు 34. ఎడమ చెవి అంచు మీద ఒకటి, ముంజేతుల మీద ఏడెనిమిది ఉన్నాయి, అల్లుడుగారు చెప్పిన ఆ ఉప్పుకాగితం మచ్చలే. రెండు సార్లు ద్రవ నైట్రోజన్ పెట్టించుకున్నా. మీ తాతకి రాలేదంటే ఆయన ఒంట్లో ఉన్న మెలనిన్ పుణ్యం. అది లేనివాళ్లం మన ఊళ్లలో కూడా ఉన్నాం.

అమీర్‌పేట_ఆనంద్
సారీ బ్రో. ఆ కోణం తట్టలేదు.

గుంటూరు_తెల్లోడు
పరవాలేదు. సిస్టర్‌గారూ, నాలాంటివాళ్లకి ఇది చేస్తారా? నాకు వెలుతురు కూడా సరిపడదు, రెండు గంటలు ఆరుబయట కళ్లు తెరవలేను.

బ్రిస్బేన్_సిస్టర్
తమ్ముడూ, చేయొచ్చా లేదా అన్నది మీ డాక్టరే చెప్పాలి, చెవి మీదున్నది మాత్రం ముందు చూపించు. కళ్ల సంగతి అంటావా, నల్ల కళ్లద్దాలు పెట్టుకోవచ్చు. ఎండలోనే కూర్చోవాలని లేదు. చెట్టు నీడలో, ఆకాశం బాగా కనపడే చోట కూర్చున్నా చాలు. ఎండాకాలం మేం అందర్నీ అలాగే కూర్చోబెడతాం, లేకపోతే వడదెబ్బ తగులుతుంది. గరుకుగా ఉన్నది గట్టిపడినా, పుండై మానకపోయినా ఒక్క వారం కూడా ఆగకు.

ఆనంద్‌గారూ, మామూలు మన రంగువాళ్లలో ఇవి అరుదే, ఒప్పుకుంటాను. కానీ ఏళ్లకేళ్లు పొలంలో ఉన్నవాళ్లకి కింది పెదవి మీద రావడం ఉంది. మన దగ్గర పాత కాలిన మచ్చల్లో, మానని పుళ్లలో కూడా చర్మ కాన్సర్ పుడుతుంది. తాతగారి పెదవి ఎప్పుడైనా చూశారా?

అమీర్‌పేట_ఆనంద్
చుట్ట తాగేవాడు, పెదవి ఎప్పుడూ నల్లగానే ఉండేది. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

మెల్‌బోర్న్_మీనాక్షి
ఖర్చు ఎవరూ చెప్పట్లేదు.

సిడ్నీ_సీతాఫలం
మా ఆఫీసాయనకి మొహం ఒక్కదానికే ఐదు వందల డాలర్ల పైన అయిందట. డాక్టర్‌ని చూసినందుకు మెడికేర్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) కొంత ఇచ్చింది, చికిత్సకి మాత్రం సొంత డబ్బే. తర్వాత వాపుకి మళ్లీ డాక్టరు, ఆ ఖర్చు వేరే.

బ్రిస్బేన్_సిస్టర్
అల్లుడుగారూ, వెళ్లేముందు రెండు సంగతులు అడగండి. ఒకటి, ఆయనకి వేరుసెనగ పడదా? ఈ వైద్యానికి రాసే మెట్విక్స్ క్రీమ్‌లో వేరుసెనగ నూనె ఉంటుంది. రెండు, బీపీకి ఏ మాత్ర వేసుకుంటున్నారు? హైడ్రోక్లోరోథయజైడ్ అయితే డాక్టరమ్మకి చెప్పండి, అది వేసుకుంటే చర్మం ఎండకి తొందరగా కందిపోతుంది. డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ వాడుతున్నా చెప్పాలి.

బండబర్గ్_అల్లుడు
సీసా చూశాను. హైడ్రోక్లోరోథయజైడే! ఎనిమిదేళ్లుగా వేసుకుంటున్నారు. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే మాత్ర మార్చమని ఆయన మామూలు డాక్టర్‌కి ఉత్తరం రాస్తానంది. ఇది ఇంతకుముందు ఎవరూ అడగలేదు.

వేరుసెనగ పరవాలేదు. మా అమ్మ చేసే పల్లీ చట్నీ గిన్నె నాకేస్తారు. అమ్మ ఇప్పుడు ఇక్కడే ఉంది, విజిటర్ వీసా మీద అనకాపల్లి నుంచి వచ్చింది. వచ్చే బుధవారం ఉదయం తొమ్మిదింటికి అపాయింట్‌మెంట్.

గరిటె_బావ
అమ్మగారు ఉన్నారా! అయితే వడియాల ప్లాను ఖాయం.

కాకినాడ_కాజా
ఆగస్టు కదన్నా, మాగ్‌పైలు గూళ్లు పెట్టే కాలం. పార్కులో బట్టతల కనపడితే పైనుంచి వచ్చి పొడుస్తాయి. క్రీమ్ రాసిన తల మీద పొడిస్తే అది కూడా చికిత్సలో భాగమా?

బండబర్గ్_అల్లుడు
అయిపోయింది. చెప్తా వినండి.

ముందు సన్‌స్క్రీన్ రాసి పావుగంట ఆగారు. తర్వాత డాక్టరమ్మ చిన్న రింగులాంటి పరికరంతో ఒక్కో మచ్చ మీద పొలుసు గీకింది. దోసె పెనం మీద అడుగంటినదాన్ని అట్లకాడతో గీకుతారే, ఆ చప్పుడు. రెండు మూడు చోట్ల రక్తం చుక్క కనపడింది. ఆ పైన క్రీమ్ పల్చగా. కట్టూ గిట్టూ ఏమీ లేదు. వెంటనే బర్నెట్ నది ఒడ్డున పార్కుకి తీసుకెళ్లి బెంచీ మీద కూర్చోబెట్టాను. పల్చటి మబ్బు, 22 డిగ్రీలు.

అమ్మ కూడా వస్తానంది. వడియాలు కాదు గానీ చింతపండు సంచీ తెచ్చుకుని గింజలు తీస్తూ కూర్చుంది. మామగారు కాసేపు చూసి తనూ ఓ గుప్పెడు తీసుకుని మొదలుపెట్టారు. ఇద్దరికీ ఒక భాషలో మాట్లాడుకోవడం రాదు. ఆయన చెరకు పట్టిన చేతులు చూపిస్తారు, ఆవిడ "మా ఆయనా ఇంతేనండీ" అంటుంది తెలుగులో. గంట గడిచాక నొప్పి ఉందా అంటే "చీమలు పాకినట్టుంది" అన్నారు. మాగ్‌పైలు రాలేదు.

సరిగ్గా రెండు గంటలకి కడిగేసి ఇంటికి తెచ్చాం, కర్టెన్లు వేశాం. అసలు గొడవ అప్పుడు మొదలైంది. నాలుగింటికి నీళ్ల పంపు చూసొస్తానని లేచారు. మా ఆవిడ కారు తాళాలు బియ్యం డబ్బాలో దాచింది.

సిడ్నీ_సీతాఫలం
ఆ తాళాల ఐడియా మా ఆఫీసాయన భార్యకి ఉండాల్సింది.

గుంటూరు_తెల్లోడు
మొహం ఎలా ఉంది? నాకు అదే తెలుసుకోవాలని ఉంది.

బండబర్గ్_అల్లుడు
రెండో రోజు ఎర్రగా, బాగా ఎండకి తిరిగొచ్చినట్టు. మూడో రోజు నుంచి చెక్కు కట్టింది. వారానికి పొట్టు రాలడం మొదలైంది, దిండు గలీబు మీద గోధుమరంగు రవ్వలు. ఎఫ్యుడిక్స్ అప్పటి మొహంతో పోలిస్తే ఇది ఏమీ కాదు. తొమ్మిదో రోజు మిల్లుకి వెళ్లారు.

పెర్త్_పంతులు
మూడు నెలల తర్వాత రాయండి. అప్పటిదాకా నేను ఒప్పుకోను.

బండబర్గ్_అల్లుడు
పంతులుగారి కోసం మళ్లీ వచ్చాను. మూడు నెలల చెకప్ నిన్న అయింది. 23 మచ్చల్లో 18 పోయాయి. తల మీద చెయ్యి వేస్తే నున్నగా ఉంది, మనవరాలు రాసి చూసి "తాత తల బల్లలా ఉంది" అంది. నాలుగు మిగిలాయి, వాటికి అక్కడికక్కడే నైట్రోజన్ కొట్టారు.

ఐదోది చెవి అంచు మీదిది. మొదటి రోజే డాక్టరమ్మ ఆ ఒక్కదాని మీద క్రీమ్ రాయలేదు, దళసరిగా ఉందని ముక్క తీసి పంపించింది. మీకు అప్పుడు చెప్పలేదు. రిపోర్టులో స్క్వామస్ సెల్ కార్సినోమా అని వచ్చింది, అంటే ఒక రకం చర్మ కాన్సర్, మొదటి దశ. అదే నెలలో కోసి తీసేశారు, అంచులు శుభ్రంగా ఉన్నాయన్నారు. చెవి పైభాగం కొంచెం పోయింది. టోపీ ఇప్పుడు ఒక పక్కకి జారుతోందని ఆయన బాధ.

పెర్త్_పంతులు
23లో 18. సరే, ఒప్పుకుంటున్నా. ఏడాది తర్వాత మళ్లీ లెక్కపెట్టండి.

గుంటూరు_తెల్లోడు
చెవి మీద అని చదవగానే నా చెవి తడుముకున్నా. సోమవారం అపాయింట్‌మెంట్ తీసుకున్నా.

బ్రిస్బేన్_సిస్టర్
వెళ్లు తమ్ముడూ. ముంజేతులు కూడా చూపించు, చొక్కా మడిచి కాదు, విప్పి. వీపు, మెడ వెనక నీకు కనపడవు.

గరిటె_బావ
వడియాలు పెట్టలేదని నా బాధ నాది.

బండబర్గ్_అల్లుడు
పెట్టింది బావా. మొన్న పెరట్లో గుమ్మడి వడియాలు పెట్టింది. మామగారు నీడలో కుర్చీ వేసుకుని, పెద్ద అంచు టోపీ పెట్టుకుని కాపలా కాశారు. మాగ్‌పై వచ్చి మూడు ఎత్తుకుపోయింది.